కూటమి అంబాసిడర్ టీషర్టు వేసుకోవాలా, వద్దా?

వేర్వేరు యూరప్ దేశాల యూనివర్సిటీలు కలిసి కట్టిన జట్టే ఇక్కడ కూటమి. దాని గురించి తోటి విద్యార్థులకు చెప్పే విద్యార్థి అంబాసిడర్. జర్మన్ భాషలో కూటమిని ‘అలియాంజ్’ అంటారు. అదే పేరుతో అక్కడ ఒక పెద్ద బీమా కంపెనీ ఉంది. నేను అంబాసిడర్‌గా చేరిన మొదటి రోజు క్యాంటీన్ ముందు బల్ల వేసుకుని, నీలం రంగు టీషర్టులో నిలబడి, ‘మన అలియాంజ్ గురించి ఒక్క నిమిషం చెప్పనా?’ అని నోరు తెరిచాను. భోజనం ట్రే పట్టుకున్న కుర్రాడు ‘నాకు బీమా ఉంది, థాంక్స్’ అని ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు రెండు గంటల్లో నా దగ్గర ఆగినవాళ్లు పదకొండు మంది. వారిలో నలుగురు ఉచితంగా ఇచ్చే గుడ్డ సంచీ కోసం వచ్చినవాళ్లు.

యూరప్‌లో చదువుతున్న మన పిల్లలకు ఏటా ఏదో ఒక నెలలో ఒక ఈమెయిల్ వస్తుంది: ‘మా కూటమికి స్టూడెంట్ అంబాసిడర్ కావాలనుందా?’ దాని వెనకే యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగం నుంచి ఇంకొకటి, ఎరాస్మస్ (యూరోపియన్ యూనియన్ విద్యార్థి మార్పిడి పథకం) విద్యార్థి సంఘం ఈఎస్‌ఎన్ నుంచి మరొకటి. మూడింటిలోనూ ‘అనుభవం’, ‘నాయకత్వం’, ‘నెట్‌వర్క్’ అనే మాటలే ఉంటాయి. పని మాత్రం ఒకటి కాదు. వీటికి తోడు, కూటమి దగ్గర విద్యార్థుల తరఫున మాట్లాడే విద్యార్థి మండలి కూడా ఉంది. ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

ముందు ఈ కూటములేమిటో

2017 సెప్టెంబర్ 26న పారిస్‌లోని సోర్బాన్‌లో చేసిన ప్రసంగంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, దేశాల హద్దులు దాటి యూనివర్సిటీలు జట్లు కట్టాలని ప్రతిపాదించారు. 2024 నాటికి కనీసం ఇరవై అలాంటి జట్లు ఉండాలన్నారు. 2019లో తొలి విడతలోనే 17 కూటములకు యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చింది. 2024 ఫలితాలు వచ్చేసరికి అవి 64 అయ్యాయి, వాటిలోని విద్యాసంస్థలు 560 దాటాయి. ఎంఎస్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మనవాళ్లు జాబితాలో రాసుకునే పేర్లు చాలావరకు ఏదో ఒక కూటమిలో ఉన్నాయి. ఆహెన్, బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ, డెల్ఫ్ట్, మిలాన్ పాలిటెక్నిక్ ‘ఎన్‌హాన్స్’లో ఉన్నాయి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ, ఐండ్‌హోవెన్ ‘యూరోటెక్’లో, డార్మ్‌స్టాట్, స్టాక్‌హోమ్ కేటీహెచ్, టురిన్ పాలిటెక్నిక్ ‘యునైట్!’లో. ల్యూవెన్, బొలోన్యా, హెల్సింకి, డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ వంటి పదకొండు కలిసి ‘ఉనా యూరోపా’.

ఒక్కో కూటమికి నాలుగేళ్లకు గరిష్ఠంగా కోటీ 44 లక్షల యూరోల దాకా నిధి అందుతుంది. ఆ నిధితో పాటే ఒక షరతు కూడా వస్తుంది: చేస్తున్న పనిని నలుగురికీ తెలియజేయాలి. అంబాసిడర్ల అవసరం పుట్టింది అక్కడే. కూటమి కోర్సులు, వేసవి పాఠశాలలు కాగితం మీద దండిగా ఉన్నాయి, అదే యూనివర్సిటీలో చదువుతున్న విద్యార్థికి మాత్రం వాటి సంగతి తెలియదు. ఆ లోటు పూడ్చడానికే మిమ్మల్ని పిలుస్తున్నారు.

మనవాళ్లు పొరపడేది కూడా ఇక్కడే. కూటమి అంబాసిడర్ అంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న జూనియర్లకు యూరప్ చదువుల గురించి చెప్పే పని అనుకుంటారు. అది వేరే ఉద్యోగం. కూటమి అంబాసిడర్ మాట్లాడవలసింది పక్క బెంచీలో కూర్చున్న సహాధ్యాయితో. సభ్య యూనివర్సిటీలో నమోదైన విద్యార్థులకే సాధారణంగా ఈ అవకాశం. మన ఊళ్లో కూర్చుని దరఖాస్తు చేసేది కాదు.

దేన్ని బట్టి తూచాలి

నా లెక్కలో మొదటి ప్రశ్న, మీరు ఎవరితో మాట్లాడతారన్నది. రెండోది డబ్బు: ఇస్తారా, ఏ రూపంలో, ఎప్పుడు. మూడోది ప్రయాణం, దానితో వచ్చే వీసా చిక్కు. నాలుగోది స్థానిక భాష. ఐదోది, మీరు చెప్పిన మాటకు అక్కడ విలువ ఉంటుందా, లేక మీరు వాళ్లు చెప్పమన్నది చెప్పేవారేనా అన్నది. వారానికి ఎన్ని గంటలన్నది కూడా ముఖ్యమే కానీ, ప్రకటనలో రాసిన గంటలను ఒకటిన్నరతో హెచ్చించుకుంటే సరిపోతుంది.

| | కూటమి అంబాసిడర్ | యూనివర్సిటీ అంబాసిడర్ | ఈఎస్‌ఎన్, బడ్డీ | కూటమి విద్యార్థి మండలి |
|---|---|---|---|---|
| ఎవరితో మాట | క్యాంపస్‌లోని తోటి విద్యార్థులు | చేరబోయే విదేశీ విద్యార్థులు | కొత్తగా దిగినవాళ్లు | అధికారులు, ఇతర దేశాల ప్రతినిధులు |
| డబ్బు | ఒక్కో చోట ఒక్కో తీరు | ఎక్కువగా గంటల లెక్కన | ఉండదు | ఎక్కువగా ప్రయాణ ఖర్చులే |
| ప్రయాణం | ఏడాదికి ఒకటి రెండు సార్లు, గ్యారంటీ లేదు | దాదాపు లేదు | సరదా ప్రయాణాలు, సొంత ఖర్చు | ఎక్కువ |
| స్థానిక భాష | చాలా అవసరం | ఇంగ్లిష్ చాలు, తెలుగు, హిందీ అదనపు బలం | ఇంగ్లిష్‌తో నడుస్తుంది | సమావేశాలు ఇంగ్లిష్‌లోనే |
| మాటకు విలువ | తక్కువ | తక్కువ | సంఘం లోపల ఉంటుంది | ఎక్కువ |

కూటమి అంబాసిడర్

పని ఇలా ఉంటుంది. సెమిస్టర్ మొదట్లో స్వాగత వారంలో బల్ల దగ్గర నిలబడటం, తరగతి మొదలయ్యే ముందు ప్రొఫెసర్‌ను అడిగి ఐదు నిమిషాలు మాట్లాడటం, ఇన్‌స్టాగ్రామ్‌కు చిన్న వీడియోలు తీయడం, నెలకోసారి మిగతా దేశాల అంబాసిడర్లతో ఆన్‌లైన్ సమావేశం. వీటిలో ఎక్కువ ఫలితమిచ్చేది తరగతి గది మాట, తక్కువ ఫలితమిచ్చేది వీడియో. ఎక్కువ సమయం తినేది మాత్రం వీడియోనే.

అసలు లాభం టీషర్టులో లేదు, సమాచారంలో ఉంది. కూటమి యూనివర్సిటీల్లో జరిగే స్వల్పకాలిక ఎరాస్మస్ కోర్సులు ఉంటాయి: కొంత ఆన్‌లైన్‌లో చదివి, 5 నుంచి 30 రోజులు వేరే దేశపు క్యాంపస్‌కు వెళ్లి పూర్తి చేసేవి. కనీసం 3 క్రెడిట్లు వస్తాయి. వీటికిచ్చే ఎరాస్మస్ ప్లస్ గ్రాంటుకు పౌరసత్వంతో పని లేదు. ఆ కార్యక్రమంలో ఉన్న యూనివర్సిటీలో డిగ్రీ చదువుతుంటే చాలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు రాదన్న అపోహతో దరఖాస్తే పెట్టని తెలుగు పిల్లలు నాకు ఎంతోమంది తెలుసు. అంబాసిడర్‌గా ఉంటే ఈ గడువులు, సీట్ల లెక్కలు ముందుగా మీ చెవిన పడతాయి. అయితే ఆ కోర్సులకు వెళ్లడానికి అంబాసిడర్ కానవసరం లేదని కూడా గుర్తుంచుకోండి. మీకు కావలసింది బార్సిలోనాలో పది రోజుల కోర్సు మాత్రమే అయితే, దానికి నేరుగా దరఖాస్తు పెట్టుకోండి. ఏడాది పొడవునా బల్ల మోయడం దేనికి?

భాష దగ్గర చాలామంది తడబడతారు. కూటమి లోపలి పనంతా ఇంగ్లిష్‌లో సాగుతుంది. కానీ మీరు ఒప్పించవలసిన సహాధ్యాయి, ముఖ్యంగా బ్యాచిలర్స్ చదువుతున్న స్థానిక విద్యార్థి, భోజన విరామంలో పరాయి భాషలో వినడానికి ఆగడు. రెండో వారం నుంచి నేను నాలుగు జర్మన్ వాక్యాలు బట్టీపట్టి వెళ్లాను. ఆగేవాళ్ల సంఖ్య పెరిగింది. ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం తడుముకున్నాను. ఒక రకంగా చూస్తే ఇది మంచి భాషా తరగతి, ఫీజు లేనిది. బీ1 (భాషలో మధ్యస్థాయి) దాటి, మాట్లాడే అలవాటు లేక ఆగిపోయినవాళ్లకు ఇంతకంటే మంచి బడి దొరకదు. ఏ1లో, అంటే మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు అది అవమానాల బడి.

ఇక ప్రయాణం. ‘పది భాగస్వామి నగరాలు’ అని పోస్టరు మీద చూసి మనసు ఎగిరిపోతుంది. షెంజెన్ (సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగల యూరప్ దేశాల ప్రాంతం) దేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వెళ్లి రావచ్చు. 2025 జనవరి 1 నుంచి రొమేనియా, బల్గేరియా కూడా పూర్తిగా అందులో చేరాయి. కానీ ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు, బ్రిటన్ సరేసరి. ఉనా యూరోపాలో డబ్లిన్, ఎడిన్‌బరో రెండూ ఉన్నాయి. ఇటాలియన్ సహాధ్యాయి ముందు రోజు టికెట్ కొనుక్కుని విమానమెక్కే డబ్లిన్ సమావేశానికి మనం వారాల ముందే వీసాకు పత్రాలు పెట్టాలి. డబ్లిన్‌లో చదివే తెలుగు విద్యార్థికి అదే చిక్కు తిరగేసి ఉంటుంది. ప్రతి షెంజెన్ ప్రయాణానికీ వీసా కావాలి. పర్మిట్ గడువు ముగుస్తూ, కొత్త కార్డు చేతికి రాని నెలల్లో ఏ ప్రయాణమూ ఒప్పుకోకపోవడమే క్షేమం.

డబ్బు సంగతి. కొన్ని యూనివర్సిటీలు గంటల లెక్కన జీతమిస్తాయి, కొన్ని సెమిస్టర్‌కు కొంత మొత్తం, కొన్ని సర్టిఫికెట్, ఒక టోపీ. ఒకే కూటమిలోని రెండు యూనివర్సిటీల మధ్య కూడా ఈ తేడా ఉండవచ్చు. నాకు జరిగింది చెబుతాను. ఒక సమావేశానికి రైలు, హాస్టలు కలిపి 240 యూరోలు నా జేబులోంచి పెట్టాను. ఆ మొత్తం తిరిగి రావడానికి పదకొండు వారాలు పట్టింది, మధ్యలో ఒక రశీదు సరిపోలేదని మళ్లీ పంపమన్నారు. బ్లాక్డ్ అకౌంట్ (జర్మనీ వీసా కోసం ముందే డబ్బు జమచేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) నుంచి నెలకు 992 యూరోలు వచ్చే విద్యార్థికి 240 అంటే నాలుగో వంతు. మొత్తం ఖర్చు వాళ్లదే అన్న మాట నిజమే. ముందు పెట్టేది మనమన్న మాట కూడా అంతే నిజం. ‘టికెట్లు మీరే కొని ఇస్తారా, తర్వాత తిరిగి ఇస్తారా?’ అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు ఆ చేతి చమురు భాగవతం తప్పేది.

యూనివర్సిటీ అంబాసిడర్

అంతర్జాతీయ విభాగం కింద ఉండే ఉద్యోగం ఇది. చేరబోయే విద్యార్థులు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనో, యూనీబడీ లాంటి వేదిక మీదనో ప్రశ్నలు పంపుతారు, మీరు జవాబిస్తారు. ప్రవేశాల కాలంలో ఆన్‌లైన్ సదస్సులో మాట్లాడతారు.

దీన్ని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: యూరప్‌లో అడుగుపెట్టిన ప్రతి తెలుగు విద్యార్థీ ఈ ఉద్యోగం ఎలాగూ చేస్తున్నాడు, జీతం లేకుండా. ‘అన్నా, 7.2 సీజీపీఏ, మూడు బ్యాక్‌లాగ్స్, పబ్లిక్ యూనివర్సిటీ వస్తుందా?’ ‘అక్కా, ఏపీఎస్ సర్టిఫికెట్‌కు ఎన్ని వారాలు?’ (మన చదువు పత్రాలను జర్మనీ కోసం సరిచూసి ఇచ్చేది) ‘బ్లాక్డ్ అకౌంట్ ఏ బ్యాంకులో తెరవాలి?’ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే ఈ ప్రశ్నలకు మీరు జవాబిస్తున్నారంటే శిక్షణ అయిపోయినట్టే. జర్మనీలో 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. నెలకు ఇరవై గంటలు చేసినా ఇంటి అద్దెలో ఒక భాగం తేలుతుంది.

ఇంకొక వెసులుబాటు కూడా ఉంది. జర్మనీలో విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. యూనివర్సిటీలో విద్యార్థి సహాయకుడిగా చేసే ఉద్యోగం ఆ లెక్కలోకి రాదు. ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు, ఇటలీలో వారానికి 20 గంటలు. నెదర్లాండ్స్‌లో వారానికి 16 గంటలు, అదీ యజమాని మీ కోసం వర్క్ పర్మిట్ తీసుకుంటేనే. చూసుకోవలసింది ఒకటుంది: కొన్ని చోట్ల ఉద్యోగ ఒప్పందం కాకుండా ‘ఇన్‌వాయిస్ పంపండి, చెల్లిస్తాం’ అంటారు. జర్మనీలో అది స్వయం ఉపాధి కిందికి వస్తుంది. విద్యార్థి పర్మిట్ మీద ఉన్నవాళ్లు విదేశీయుల కార్యాలయం అనుమతి లేకుండా అది చేయకూడదు. కూటమి అంబాసిడర్‌కు చెల్లింపు ఉన్నా ఇదే చూసుకోవాలి.

దీనిలో లోటు ఏమిటంటే, ఏడాది గడిచినా మీ చుట్టూ ఉన్న ప్రపంచం పెద్దగా మారదు. మాట్లాడేది మళ్లీ మనవాళ్లతోనే. పైగా మీరు యూనివర్సిటీ తరఫు మనిషి. ‘ఈ కోర్సు తర్వాత ఉద్యోగం వస్తుందా అన్నా?’ అని అడిగినప్పుడు మీ మనసులో మాట, మీరు రాయదగిన మాట ఒకటి కాకపోవచ్చు.

ఇక్కడ చిన్న హెచ్చరిక. మీ పేరు పక్కన అంబాసిడర్ అని కనబడగానే అమీర్‌పేట నుంచో బెంజ్ సర్కిల్ నుంచో ఏదో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పలకరించే అవకాశం ఉంది. ‘మీ దగ్గరకు వచ్చే పిల్లల్ని మాకు పంపండి, తలకింత’ అంటారు. ఒప్పుకున్నారంటే అంబాసిడర్ పదవికి ఎసరు, పర్మిట్ నిబంధనలతో పేచీ, అన్నిటికంటే ముందు ‘అన్నా’ అని నమ్మి అడిగిన పిల్లవాడికి ద్రోహం.

ఈఎస్‌ఎన్, బడ్డీ కార్యక్రమాలు

1989లో మొదలైన ఎరాస్మస్ స్టూడెంట్ నెట్‌వర్క్‌కు 40కి పైగా దేశాల్లో 500కు పైగా స్థానిక సంఘాలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లను స్టేషన్ నుంచి తీసుకురావడం, నగరం చూపించడం, వంటల రాత్రి, వారాంతపు ప్రయాణాలు. జీతం లేదు, ఎంపిక పరీక్షల్లాంటివి కూడా పెద్దగా ఉండవు. వెళ్లి నిలబడితే చేర్చుకుంటారు.

మొదటి సెమిస్టర్ పిల్లలకు నేను చెప్పేది ఇదే. వచ్చిన మూడో వారంలో కూటమి గురించి ఇతరులకు చెప్పే స్థితిలో మీరు ఉండరు. లాండ్రీ మెషీన్ ఎలా వాడాలో మీకే ఎవరో చెప్పాలి. ముందు ఇక్కడ చేరండి. ఒకే ఫ్లాట్‌లో నలుగురు తెలుగువాళ్లు, ఒకటే పప్పుచారు, వారాంతానికి ఒకటే సినిమా అన్నట్టు గడిచే చలికాలం నుంచి బయటపడే దారి ఇది. అయితే నాలుగో నెలకల్లా తెలిసిపోతుంది, ఇందులో పార్టీలెక్కువని. మద్యం ముట్టనివారికి, రద్దీ నచ్చనివారికి బడ్డీ కార్యక్రమం మేలు: కొత్తగా వచ్చిన ఒక్క విద్యార్థి బాధ్యత, ఒక్క సెమిస్టర్.

విద్యార్థి మండలి

దాదాపు ప్రతి కూటమికీ విద్యార్థుల మండలి లాంటిది ఒకటి ఉంటుంది. అంబాసిడర్ కూటమి మాటను విద్యార్థులకు చేరవేస్తే, మండలి సభ్యుడు విద్యార్థుల మాటను కూటమికి చేరవేస్తాడు. క్రెడిట్లు ఒక యూనివర్సిటీలో గుర్తించి ఇంకోచోట ఎందుకు గుర్తించడం లేదని నిలదీసేది ఇక్కడే. డబ్లిన్ సమావేశానికి వీసా కావలసిన పాస్‌పోర్టులున్నవాళ్లకు ఆహ్వాన పత్రం రెండు నెలల ముందు పంపాలని తీర్మానం చేయించగలిగేది కూడా ఇక్కడే. అంబాసిడర్‌గా నేను అదే మాట మూడుసార్లు ఈమెయిల్‌లో రాశాను. ‘మంచి సూచన’ అని జవాబు వచ్చింది.

కొన్ని చోట్ల విద్యార్థి సంఘం నామినేట్ చేస్తుంది, కొన్ని చోట్ల ఎన్నిక. స్థానిక సంఘంలో ముఖం తెలియకపోతే అవకాశం తక్కువ. పదవీకాలం కూడా ఏడాదో అంతకంటే ఎక్కువో ఉంటుంది కనుక, రెండేళ్ల ఎంఎస్‌లో రెండో సెమిస్టర్ దాటాక మొదలుపెడితే థీసిస్ మీద పడుతుంది. అంత నిబద్ధత కుదరనివారికి మధ్యేమార్గం యూరోపియన్ స్టూడెంట్ అసెంబ్లీ. 2022 మార్చిలో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ పార్లమెంటులో మొదటిసారి జరిగింది. కూటముల యూనివర్సిటీల విద్యార్థులు ముందు ఆన్‌లైన్‌లో బృందాలుగా ప్రతిపాదనలు రాసి, ఆ తర్వాత సభలో ఓటు వేస్తారు.

మరి మీకేది?

డబ్బు ఇబ్బంది ఉన్నవారికి రెండో ఆలోచన వద్దు, యూనివర్సిటీ అంబాసిడర్. అది దొరకకపోతే లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో విద్యార్థి సహాయకుడి ఉద్యోగం చూడండి.

ఇంజినీరింగ్ ఉద్యోగమే గురి అయినవారు ఏ టీషర్టు జోలికీ పోకపోయినా నష్టం లేదు. కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్‌గా (చదువుతూనే పార్ట్‌టైమ్ ఉద్యోగిగా) చేసిన ఆరు నెలలు సీవీలో ఏ అంబాసిడర్ పదవి కంటే బరువు తూగుతాయి. సుస్థిరత, విద్యావిధానం, కమ్యూనికేషన్, యూరోపియన్ సంస్థల వైపు చూస్తున్నవారికి లెక్క వేరు. వారికి కూటమి పని, వీలైతే మండలి, సూటిగా పనికొస్తాయి. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారికి కూడా కూటమి కొంత లాభమే: మరో దేశపు ల్యాబ్‌కు పది రోజుల కోర్సు మీద వెళ్లి, ప్రొఫెసర్‌ను ముఖాముఖి కలిసి రావచ్చు.

కూటమి సమావేశాల తేదీలు చూసుకోకుండా ఎవరూ సంతకం చేయవద్దు. జర్మనీలో ఫిబ్రవరి అంటే పరీక్షలు, మార్చి అంటే సెలవులు. స్వీడన్‌లో జనవరిలోనే వసంతకాలపు సెమిస్టర్ మొదలైపోతుంది. పది దేశాల క్యాలెండర్లకు ఒకే వారం కుదరదు కాబట్టి ఎవరో ఒకరి పరీక్షలు ఎప్పుడూ బలవుతూనే ఉంటాయి. ఆ ఎవరో మీరు కాకుండా చూసుకోవాలి.

దరఖాస్తులో రాయవలసింది ‘వసుధైక కుటుంబకం’ గురించి కాదు. ఎంపిక చేసేవాళ్లకు అలాంటి ఉత్తరాలు కట్టలుగా వస్తాయి. మీ విభాగంలో ఎంతమంది విద్యార్థులున్నారు, వారిలో ఎవరికి కూటమి సంగతి తెలియదు, వాళ్ల దగ్గరకు మీరు ఏ తరగతిలో, ఏ వాట్సాప్ గ్రూపులో, ఏ క్రికెట్ జట్టులో చేరుకోగలరు అన్నది రాయండి. అవును, క్రికెట్ జట్టు. మా క్యాంపస్‌లో కూటమి వేసవి కోర్సుకు నేను పంపగలిగిన ఏడుగురిలో ఐదుగురు ఆదివారం మైదానంలో దొరికినవాళ్లే.

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. టికెట్ల సంగతి, ఒప్పందం సంగతి, తేదీల సంగతి అడగండి. ఆపైన, పోయినేడాది చేసిన అంబాసిడర్‌తో ఒకసారి మాట్లాడించగలరా అని అడగండి. వెంటనే ఒక పేరు చెప్పి, ఈమెయిల్‌లో ఇద్దరినీ కలిపితే నిశ్చింతగా చేరవచ్చు. ‘చూసి చెబుతాం’ అంటే, ఆ మనిషిని లింక్డిన్‌లో మీరే వెతికి పట్టుకుని, ఒక కాఫీ ఇప్పించి, మధ్యలో ఎందుకు మానేశారో కనుక్కోండి.